మూడో యాంప్లిఫయర్

ఆయనకు రెండు చెవులున్నాయి. ఆ ఇంటికి పట్టిన పీడ అదే.

మామూలు మొగుళ్ళకు చెవులుండవు. పిలిస్తే పలకరు, చెబితే వినిపించుకోరు. సంసారాలు హాయిగా సాగిపోతుంటాయి. ఈయనకు మాత్రం పక్కవీధిలో పాత స్కూటరు ఏ శ్రుతిలో దగ్గుతోందో కూడా కావాలి. కాలనీలో అందరూ ఆయన్ను డెసిబెల్‌గారంటారు. అది బిరుదనుకుంటాడు.

పెళ్ళైన కొత్తలో ఆయన భార్య కూరగాయలు తరుగుతూ ఏదో పాట అందుకుంటే, "నీ గొంతుకి గెయిన్ ఎక్కువ, క్వాలిటీ తక్కువ" అన్నాడు, అంటే మోతే తప్ప మాధుర్యం లేదని. ఆవిడ నోరు మూసుకుంది. ఆవిడ హార్మోనియం అటకెక్కింది. అది ఖాళీ చేసిన మూలలోకి స్పీకర్లు దిగాయి. ఇది పదహారేళ్ళ కిందటి మాట.

ఆయన పాటలు వినే కుర్చీకి హాల్లో ఒక స్థానం ఉంది. నాలుగు కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీసిన గీతలు. కుర్చీ బెత్తెడు జరిగినా ధ్వని చెడుతుందట. నేల తుడిచినప్పుడల్లా ఆవిడ ఆ గీతలు చెరిపేసి, తర్వాత తోచినచోట గీసిపెడుతుంది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ పసిగట్టలేదు. అందుకే ఆ చెవులమీద ఆవిడకు బొత్తిగా నమ్మకం లేదు.

ప్రస్తుతం గొడవ యాంప్లిఫయర్ గురించి. ఇంట్లో ఉన్న పాతది రెండు వోల్టుల సిగ్నల్ ఇస్తేగానీ పూర్తిగా గొంతు విప్పదు. షాపువాడు వారంరోజులు వాడి చూడమని ఇచ్చిన కొత్తదానికి అర వోల్టు చాలు. నాబ్ ఇలా ముట్టుకుంటే అలా కిటికీ అద్దాలు అదిరిపోతాయి.

"చూశావా పవర్!" అన్నాడు డెసిబెల్‌గారు, తానే కనిపెట్టినట్టు.

"పవర్ రెండిటికీ ఒకటే బావా," అన్నాడు బావమరిది. టీవీలూ రేడియోలూ బాగుచేయడం అతని వృత్తి. "ఇది గోరంత ఇస్తే కొండంత చేస్తుంది, అంతే తేడా. నీ సీడీ ప్లేయర్ ఎలాగూ రెండు వోల్టులిస్తోంది కదా, ఇంకా ఇంత గెయిన్ ఎందుకు? పక్కన కూర్చున్నవాడికి మైకు పెట్టి చెప్పినట్టు. పైగా పాటతోపాటు రొదా పెరుగుతుంది."

"డబ్బా టీవీలు విప్పుకునేవాడివి, సెన్సిటివిటీ గురించి నీకేం తెలుస్తుందిరా?"

"నిజమే బావా. మా అక్కని నీకిచ్చేటప్పుడే తెలిసుంటే బావుండేది."

వారం నుంచీ ఇంట్లో ఒకటే పాట. వాద్యాలేవీ లేకుండా ఎవరో ఒకామె ఒంటిగొంతుతో పాడింది. యాంప్లిఫయర్ బండారం బయటపడాలంటే వట్టి గొంతే వినాలట. రోజుకు నలభైసార్లు, నాబ్ ఇటు, నాబ్ అటు. వంటింట్లో గరిటెలకు కూడా ఆ పాట కంఠతా వచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే ఆవిడ వైర్లు దాటుకుంటూ హాల్లోకి వచ్చింది.

"మీకు నిజంగా చెవులుంటే కళ్ళకు గంతలు కట్టుకుని వినండి. ఏది గెలిస్తే అది హాల్లో ఉంటుంది. మిగతా సామానంతా అటకమీదికి. సరేనా?"

"పరీక్షా? నాకా?" పగలబడి నవ్వాడాయన. "కానీ!"

"మూడోది కూడా ఒకటుంది బావా," అన్నాడు బావమరిది. "అక్క పెట్టమంది."

"మీ అక్కా! ఏ కంపెనీ?"

"కంపెనీ పేరేం లేదు. చాన్నాళ్ళుగా మూలపడుంది."

"పెట్టు, పెట్టు. నవ్వుకోడానికైనా పనికొస్తుంది."

తువ్వాలుతో ఆవిడే గంతలు కట్టింది. ముడి కాస్త గట్టిగానే వేసింది.

టక్‌మని స్విచ్చి చప్పుడు. పాట మొదలైంది.

"శుభ్రంగా ఉంది. ఇదే కొత్తది. మీలాంటివాళ్ళకి తెలీదులే."

అది పాతది. బావమరిది అక్కవైపు చూసి కన్నుగీటాడు.

మళ్ళీ టక్. అదే పాట.

"ఛీ ఛీ! గొంతు వెనకాల సుయ్‌మని ఒకటే రొద. పాతది. దీన్ని ఇన్నేళ్ళూ ఎలా భరించానో!"

అది కొత్తది.

"ఇక మీ అక్క సరుకు కానీ," అంటూ డెసిబెల్‌గారు కాళ్ళు బారచాపి, ముందే మొహం చిట్లించుకున్నాడు.

ఈసారి టక్‌మనలేదు. పాట మాత్రం మొదలైంది.

చిట్లించిన మొహం మెల్లగా విప్పారింది. చాపిన కాళ్ళు దగ్గరికొచ్చాయి. నోరు కాస్త తెరుచుకుంది. పదహారేళ్ళలో మొదటిసారి, తెరిచిన ఆ నోట్లోంచి ఏ అభిప్రాయమూ ఊడిపడలేదు.

"రొద లేదు," అన్నాడు చివరికి, గుసగుసగా. "పై స్థాయిలో కూడా పగలడం లేదు. ఊపిరి తీసుకోవడం వినబడుతోందిరా! గెయిన్ ఎంత పెట్టావ్?"

"నేనేం పెట్టలేదు బావా. ఉన్నది ఉన్నట్టే."

"ముట్టుకోకు! ఎవరూ ముట్టుకోకండి. ఆ రెండు డబ్బాలూ, స్పీకర్లతో సహా అటకెక్కించెయ్. దీనికి తగ్గ స్పీకర్లు తర్వాత చూద్దాం. ఇది మాత్రం హాల్లోనే ఉంటుంది. రోజూ సాయంత్రం గంటసేపు ఇదే వింటాను. ఇంత మంచిదాన్ని ఇన్నాళ్ళూ మూలపడేసిన వెధవ ఎవడ్రా?"

బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పాట సాగుతూనే ఉంది.

"ఏమోయ్, ఎక్కడున్నావు?" తువ్వాలు కట్టుకున్న మొహాన్ని వంటింటివైపు తిప్పి గర్వంగా కేకేశాడు డెసిబెల్‌గారు. "ఇప్పటికైనా ఒప్పుకుంటావా, నాకు చెవులున్నాయని?"

"ఒప్పుకుంటున్నానండీ, మీకు చెవుల్లేవనుకోవడం నాదే తప్పు," అంది ఆవిడ, ఆయన కుర్చీకి రెండడుగుల దూరంలో నిలబడి, పాడటం ఆపి.