పన్నెండు సెకన్లు

ఎవరింటి కరెంటు వాళ్లే సైకిల్ తొక్కి పుట్టించుకోవాలన్న రూలు వచ్చి పదేళ్లయింది. మా ఇంట్లో ఆ పని నా కోడలు సత్యవేణిది. ఇడ్లీ పిండి రుబ్బాలన్నా, ఫ్యాను తిరగాలన్నా తనే సైకిలెక్కేది. అలా తొక్కీ తొక్కీ ఎనిమిది రోజుల సైకిల్ పందేనికే వెళ్లింది.

ఇవాళ ఆఖరి రోజు. ఏడు రోజుల మొత్తం లెక్కలో మొదటి స్థానంలో ఉన్న పిల్లకంటే సత్యవేణి పన్నెండు సెకన్లు వెనకబడి ఉంది. సరిగ్గా అరకు ఘాట్ ఎక్కుతుండగా మా టీవీ ఆరిపోయింది. పొద్దున నేనే బుద్ధిలేక బ్యాటరీ అంతా పిండికి తగలేశాను.

కొంగు నడుముకి చుట్టి సైకిలెక్కాను. నావి అరవై మూడేళ్ల మోకాళ్లు. కాస్త నెమ్మదించానంటే బొమ్మ మసకబారుతోంది. ఆ మసకలో కోడలు వెనకబడినట్టే కనిపిస్తుంటే ఊరుకోగలనా? పంటి బిగువున తొక్కాను. చివరి మలుపులో సత్యవేణి ఆ పిల్లని దాటేసింది. ముగింపు గీత దగ్గరికి ఆ పిల్ల ఇరవై సెకన్లు ఆలస్యంగా వచ్చింది. ఎనిమిది రోజుల పందెం మాదే.

కాసేపటికి కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యా, చూశారా?"

ఊపిరి అందేదాకా ఆగి చెప్పాను. "చూడ్డమేంటే, ఘాటంతా నీతోపాటే ఎక్కాను."