సర్టిఫికెట్ల సిప్కె

“ఇంకెంతసేపు?” అంది అతని భార్య టెట్టీ, కాఫీ కప్పు ల్యాప్‌టాప్ పక్కన పెడుతూ.

“పదింటికి గడువు తీరిపోతుంది. ఇంకా ఇరవై నిమిషాలున్నాయి,” అన్నాడు సిప్కె తలెత్తకుండా.

గడువు తీరేది పంపుల వెబ్‌పేజీ సర్టిఫికెట్‌కి. పల్లపు నేల ఫ్రీస్‌లాండ్‌లో ఓ మూలనున్న నీటి బోర్డు, వాననీళ్లు తోడిపోసే తన పంపులన్నిటినీ ఆ పేజీ నుంచే నడుపుతుంది. పేజీ అసలుదే, దొంగది కాదు అని పూచీ పడేది సర్టిఫికెట్. అది తీరిపోయిందంటే తెర నిండా ఎర్ర హెచ్చరిక పడుతుంది, పంపులు చూసేవాళ్లు లోపలికి పోలేక చేతులు కట్టుకుని కూర్చోవాలి. బయట రెండు రోజులుగా ఒకటే వాన. కాలవలు అంచుల దాకా వచ్చేశాయి.

సిప్కె పాస్‌వర్డ్ కొట్టాడు. ఎప్పటిలాగే లోపలికి రానిచ్చింది. పాత సర్టిఫికెట్ తీసి కొత్తది పెట్టి, పేజీ తెరుచుకుంటోందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. గళ్ల నోటుపుస్తకంలో ఆ పేరు పక్కన టిక్కు పెట్టాడు. ఇంకా నూట పన్నెండు పేర్లున్నాయి.

ఒకప్పుడు రెండేళ్లకోసారి చేస్తే సరిపోయేది. తర్వాత ఏడాది అన్నారు. తర్వాత రెండు వందల రోజులు, ఇప్పుడు వంద. ఇకముందు నలభై ఏడు రోజులేనట. ముందు గదికి రంగు వేయడం పూర్తయ్యేసరికి వెనక గదిలో పెచ్చులు ఊడుతున్నట్టుంది వ్యవహారం. నడుం పట్టేసింది, కళ్లు మండుతున్నాయి, అన్నిటినీ మించి విసుగు.

“క్యారవాన్‌లో పోర్చుగల్ పోదామని ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నాం?” అంది టెట్టీ. “సామాను సర్దేలోపల ఏదో ఒకదాని గడువు తీరుతుంది. ఇంత చాకిరీ చేస్తే వాళ్లు నీకు ఒరగబెట్టిందేమిటి? మొన్న క్రిస్మస్‌కి ఆఫీసులో అందరికీ కానుకల పెట్టెలు పంచారు. నీకు వచ్చిందా?”

“మర్చిపోయుంటారు.”

“ఓ జున్ను ముక్క, ఓ వైన్ సీసా. దానికీ నోచుకోలేదు మహానుభావుడు!”

“నేను మానేస్తే ఎవరు చేస్తారే? అక్కడ ఒక్కరికీ ఈ పని తెలీదు.”

బల్ల మీద ఫోన్ మోగింది. అందరూ ఇళ్లలోనే కూర్చుని పనిచేసిన ఆ కరోనా రోజుల్లో, సర్టిఫికెట్ల డెస్క్ నంబరును ఇటు మళ్లించారు. మళ్లీ అటు తిప్పాలని ఎవరికీ తోచలేదు.

“సిప్కె గారేనా? నేను మారిట్‌ని, కొత్తగా వచ్చిన భద్రతాధికారిని. సర్టిఫికెట్ల సంగతి మిమ్మల్నే అడగమన్నారంతా. మీకోసం మూడో అంతస్తంతా గాలించాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో తెలిస్తేగా!”

“ఖాళీ ఉన్నచోట కూర్చోమన్నాక అంతే అమ్మాయ్. ఎవరొచ్చారో ఎవరు రాలేదో పట్టించుకునేదెవరు?”

“నిన్న నా పుట్టినరోజు. కేక్ తెచ్చి మీ ముక్క విడిగా తీసిపెట్టాను కూడా. మీరు రాలేదు.”

“నాకు షుగర్,” అన్నాడు సిప్కె, సగం తిన్న తీపి రొట్టెను పక్కకు జరుపుతూ. టెట్టీ నవ్వాపుకుంది.

“సరే, విషయానికొస్తాను. క్వాంటమ్ కంప్యూటర్ల సంగతి వినే ఉంటారు. అవి వస్తే సమాచారానికి ఇప్పుడు వేస్తున్న తాళాలన్నీ ఇట్టే ఊడిపోతాయట. పైగా మన ఉత్తరప్రత్యుత్తరాలు ఇప్పుడే దొంగిలించి దాచుకుంటున్నారట, ఆ మిషన్ వచ్చాక తీరిగ్గా తెరిచి చదవొచ్చని.”

“ఎప్పుడో పదేళ్లకు రాబోయే దొంగ కోసం ఇప్పుడే తాళాలు మార్చాలంటావ్.”

“మార్చాలంటే ముందు ఏ తాళాలున్నాయో, తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో తెలియాలి కదండీ! జాబితా రాస్తున్నాను. నూట పదమూడింటికీ ‘డెస్క్’ అనే ఉంది. డెస్క్ అంటే మనిషి కాదుగా. బాధ్యుడిగా ఒకరి పూర్తి పేరు కావాలి.”

సిప్కె గళ్ల నోటుపుస్తకం మూసేశాడు. పేరు రాస్తే ఇక అంతా ఆరా తీస్తారు. ఆరా తీస్తే ఈ పని చేతిలోంచి పోతుంది, ఏదో ప్రోగ్రాం దానంతటదే చేసుకుపోతుంది. అలసిపోయాడన్న మాట నిజమే. కానీ పొద్దున లేవగానే తెరవడానికి ఈ ల్యాప్‌టాప్ కూడా లేకపోతే రోజంతా ఏం చేయాలో తెలీక భయం వేసింది.

“డెస్క్ అనే ఉండనీ. ఇన్నాళ్లూ ఒక్కటి కూడా గడువు దాటలేదుగా,” అన్నాడు.

“అందుకేనండీ నా భయం. ఎవరో ఒక్కరు ఒంటిచేత్తో చేసుకొస్తున్నారు. వాళ్లకి జ్వరమొచ్చిన రోజున ఇలాంటి వానే పడితే?”

సిప్కె కిటికీ వైపు చూశాడు. కాలవ నీళ్లు పక్కింటి పడవను గట్టు దాకా ఎత్తాయి. టెట్టీ అతని భుజం మీద చెయ్యి వేసి, “చెప్పెయ్,” అంది మెల్లగా.

“రాసుకో. సిప్కె వియెర్స్‌మా.”

“నూట పదమూడింటికీ?”

“అన్నిటికీ.”

అవతల మీటలు టకటకలాడాయి. “అమ్మయ్య! మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లమండీ! వచ్చే గురువారం మనవాళ్లలో ఇంకొకరి పుట్టినరోజు కేక్ ఉంది, ఈసారి మిమ్మల్ని వదలను.”

సిప్కె ల్యాప్‌టాప్ మూతను నెమ్మదిగా దించాడు.

“జాబితాలో చివరి గడి ఒకటే మిగిలింది,” అంది మారిట్. “ఈలోపల ఈ పని ఇంకొకరికి నేర్పించాలి కాబట్టి అడుగుతున్నాను. మీరు రిటైరయ్యేది ఎప్పుడు?”

“ఆరేళ్ల కిందటే అయ్యానమ్మా.”