వాగు పక్క షెడ్లు

“ఆ నీళ్లను ముట్టకు. మంచు గీసుడే మన పని,” అన్నాడు సూపర్‌వైజర్ సుధాకర్.

మమతారాణి మౌస్ వదల్లేదు. కరీంనగర్‌లో ఓ ఇరుకు గదిలో కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫోటోల మీద హిమాలయాల్లోని మంచునదుల అంచులు గీసి, ఒక్కోదానికీ నంబరు వేసి జాబితాకెక్కించడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు తెర మీద మంచు కొసన చెరువొకటి ఉబ్బి ఉంది. దాని దిగువనే వాగు పక్కన నీలం రేకుల షెడ్లు. సొరంగం పనికి పోయిన ఆమె మొగుడు సాగర్ పంపిన లొకేషన్ అదే.

“సార్, గట్టు తెగితే మా ఆయన కొట్టుకపోతడు!”

“మంచుకే నంబరేస్తం. మనుషులకు కాదు.”

ఆమె వెంటనే సాగర్‌కు ఫోన్ కలిపింది.

“ఏందే, డ్యూటీల ఉన్న,” అన్నాడు సాగర్.

“జర ఇనయ్యా! మీ నెత్తి మీద చెరువున్నది. అందర్ని తీస్కొని గుట్టెక్కు!”

“సిరిసిల్లల బట్టనేసే సాంచాల లొల్లి తప్పిందనుకుంటే నీ లొల్లి షురువైందా?”

“నా మీద ఒట్టు. ఎక్కు!”

ఆ గొంతు విని అతను నవ్వు ఆపాడు. కాసేపటికి ఆయాసపడుతూ తనే ఫోన్ చేశాడు. “ఎక్కినం. పనోళ్లంత నన్ను తిడుతుండ్రు.”

సుధాకర్ పగలబడి నవ్వాడు. “ఓ తల్లీ, ఇదేమన్న టీవీల లైవా? కొత్త మంచు కప్పకముందు తీసిన ఫోటోలే మనం గీస్తం. ఇది పోయినేడు బతుకమ్మ పండుగప్పటిది. గట్టు తెగిందా? తెగలే. ఉత్తగ పరేషాన్ జేస్తివి.”

గదంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయినా మమతకు ఊపిరాడింది.

“పాత ఫోటోనటయ్యా. ఫికర్ లేదు, దిగుండ్రి,” అంది ఫోన్లో.

“ఇగో, కండ్లార చూస్కో,” అంటూ సుధాకర్ ఆ పొద్దున వచ్చిన ఫోటో తెరిచాడు. అతని నవ్వు సగంలోనే ఆగింది. కొండ మీది మంచు విరిగి, కట్ట పోసినట్టు వాగుకు అడ్డంగా పడి ఉంది. ఆ మంచుకట్ట వెనక నీళ్లు ఎగబాకుతున్నాయి. ముందర షెడ్లు.

మమత ఫోన్ కలిపింది. ఎత్తలేదు. మళ్లీ కలిపింది. చెవికి ఆనించిన ఫోన్ జారిపోతోంది చెమటకు.

“దిగినమే!” సాగర్ గొంతులో హుషారు. “నువ్వు జెప్పింది అంత ఉల్టా. వాగుల సుక్క నీళ్లు లేవు. అందరం నడివాగుల నిలవడి చేపలు ఏరుకుంటున్నం!”