జీడిపిక్కల దొంగ

"ఆపీసేవేటిరా? తిన్నగా పోలీస్ స్టేషన్‌కి పోనియ్యి!" వెనక సీట్లోంచి అరిచాడు సోములు.

"నేనాపలేదు బావా, కారే ఆగిపోయింది," అన్నాడు బావమరిది పైడిరాజు.

కళ్లంలో ఆరబోసిన జీడిపిక్కలు రోజూ తరిగిపోతున్నాయి. దొంగ పైడిరాజేనని సోములు తేల్చేశాడు. పట్టుకెళ్లి నర్సీపట్నం పోలీసులకి అప్పగిద్దామంటే తనకి డ్రైవింగ్ రాదు. అందుకని దొంగే కారు నడుపుకొచ్చాడు.

పక్క షెడ్డులోంచి మెకానిక్ బెన్హర్ వచ్చి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాడు. తెర మీద ఓ కోడ్ పడింది.

"ఇంజినుకి గాలి సాలట్లేదండి."

"బేగి సూడు. ఈడు పారిపోతాడు!"

"నేను పారిపోతే నువ్వింటికెలాగెల్తావు బావా?" దిగులుగా అడిగాడు పైడిరాజు.

బెన్హర్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పాడు. లోపల జీడిపిక్కలు కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్యనుంచి ఓ ఎలుక తల ఎత్తి, సోములుని ఓసారి చూసి, దూకి పోయింది.

బెన్హర్ డబ్బా ఖాళీ చేసి, ఇంజిన్ నడిపి చూసి, ఆపాడు.

"ఇంటికి పోదాం, స్టార్ట్ సెయ్యిరా," అన్నాడు సోములు నేల చూపులు చూస్తూ.

పైడిరాజు స్టీరింగ్ ముందు కూర్చుని చేతులు కట్టుకున్నాడు. "దొంగోడు స్టార్ట్ సేత్తే కారెత్తుకుపోయినట్టవుద్ది బావా."

సోములు వెనక్కి వెళ్లి కారు తొయ్యడం మొదలెట్టాడు.

"బండికేటయింది?" అడిగారు దారిన పోయేవాళ్లు.

"బండికేటీ లేదండి," అన్నాడు బెన్హర్.

మలుపు దాకా వచ్చేసరికి సోములుకి ఊపిరాడలేదు. "తప్పయిపోయిందిరా బాబూ," అన్నాడు.

ఇంజిన్ స్టార్టయింది.