మూడు పిలుపులు

"పెట్టె తెరువప్పా," అంది పాపమ్మాళ్. అడగడం అది నాలుగోసారి.

సింగానల్లూరులో ఇంటి ముందు పందిరి కింద, అద్దెకు తెచ్చిన అద్దం మూత ఐసుపెట్టెలో ఆమె తమ్ముడు అయ్యాసామి ఉన్నాడు. పొద్దున కాఫీకి పిలిస్తే లేవలేదు. డాక్టరొచ్చి నాడి చూసి, పోయాడని చీటీ రాసిచ్చి వెళ్లిపోయాడు. కోవిల్‌పట్టి పక్క పల్లె నుంచి తమ్ముణ్ణి చూసిపోదామని వచ్చిన పాపమ్మాళే తన చీర చెంగు చింపి, ఆ పీలికతో అతని రెండు చేతుల బొటనవేళ్లూ కలిపి కట్టింది. తర్వాత పెట్టె వచ్చింది. ఇక ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

తమ్ముడి కొడుకు ఆనంద్‌కుమార్ చుట్టూ చూశాడు. అతనిది పంపుసెట్ల కంపెనీ. మిల్లుల వాళ్లు, బ్యాంకు వాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. శవం పక్కన నిలబడ్డా అతనికి వాళ్లే కనబడుతున్నారు.

"దోవలో పాడె దించి, చెవిలో మూడు తూర్లు పేరు పెట్టి పిలవకుండా మనోళ్లల్లో ఎవుర్నీ పంపింది లేదు. నువ్వు పాడె కట్టలే, వ్యాన్ తెప్పించినావు. సరి. ఈడన్నా పిలవనీ."

అద్దం మీదనుంచి పిలిస్తే చాలదా అన్నాడతను. చాలదు. అయ్యాసామికి మూడేళ్లుగా చెవుడు. ఎవరు పిలిచినా కుడిచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని "ఆఁ?" అనేవాడు. నోరు చెవికి ఆనించి పిలిస్తేనే సరిగ్గా వినపడేది.

"అత్తా, ఇది మీ పట్టిక్కాడు కాదు. ఇంతమంది ముందర కాట్టుమిరాండి మాదిరి చేయొద్దు," అన్నాడు ఆనంద్‌కుమార్ గొంతు తగ్గించి.

అత్త ఊరిని మారుమూల పల్లె అనడానికి, ఆమెను అడవిమనిషి అనడానికి అతనికి తమిళం అక్కరకొచ్చింది. అతని భార్య శ్రీరంజని గొంతు కూడా తగ్గించలేదు. కల్చర్ లేని మనుషులని పక్కావిడతో అంది. చదువుంటే కదా అని ఆ పక్కావిడ సర్దిచెప్పింది. ముగ్గురి మాటలూ ముసలమ్మకు అర్థమయ్యాయి. తమ్ముడు పోయిన దుఃఖం మీద సిగ్గు కూడా వచ్చి పడింది.

పందిరి గుంజ పక్కన చతికిలబడింది. ఆనంద్‌కుమార్ ఎవరికో దండం పెడుతున్నప్పుడు లేచి, పెట్టె మీది దండలు పక్కకు నెట్టి, అద్దానికి నోరు ఆనించి అరిచింది.

"అయ్యాసామీ!"

గుండెలో ఉన్న ఊపిరంతా పెట్టి రెండోసారి కూడా అరిచింది. మూడోది నోట్లో ఉండగానే ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. గదికి బయట గడియ పెట్టారు. వచ్చినవాళ్లకు ఆనంద్‌కుమార్ క్షమాపణ చెప్పుకున్నాడు. దండలు మళ్లీ సర్దారు. ఈసారి అద్దం పూర్తిగా మూసుకుపోయింది.

రెండు గంటల తర్వాత పెట్టెను అలాగే ఎక్కించుకుని వ్యాన్ కదిలింది. దోవలో ఎక్కడా ఆపలేదు.

శ్మశానంలో పనివాడు దండలు తీసేసి మూత ఎత్తాడు. ఎత్తినవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆనంద్‌కుమార్ వంగి చూశాడు. ఊపిరి లేదు, ఒళ్లు కొయ్యబారింది. బొటనవేళ్లకు కట్టిన చీరపీలిక ఊడి పొట్ట మీద పడి ఉంది.

అయ్యాసామి కుడిచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టి ఉంది.