ఇంజన్ ఆపమన్న మనిషి

మొదటి గేరు పడలేదు.

జూలీ క్లచ్ అదిమి మళ్లీ తోసింది. కర్రుమంది గాని పడలేదు.

రివర్స్ వేసి చూసింది. అదీ అంతే.

బండి సరిగ్గా పట్టాల మీద ఉంది. ముందు గేటు దిగిపోయింది. వెనక గేటూ దిగిపోయింది.

దిగుతున్న గేటు కింద నుంచి దూరిపోవడం అక్కడ అందరూ చేసే పనే. జూలీ కూడా ఏళ్ల తరబడి స్కూటీ మీద చేస్తోంది. ఇది స్కూటీ కాదన్న సంగతి సగం దూరాక గుర్తొచ్చింది.

ఇది కొండలెక్కే జీపు. కలకత్తా పక్కనున్న ఈ సంత్రాగాఛిలో కొండలు లేవు. "గుంతలున్నాయి కదా" అని మొగుడు రాజ్ కుమార్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

వారం నుంచి గేరు బిగుసుకుపోతోంది. రాజ్ కుమార్ గేర్ ఆయిల్ మార్చాడు. క్లచ్ కేబుల్ బిగించాడు. గేరు రాడ్డుకి గ్రీజు పూశాడు. చివరికి పాస్టరుగారి చేత ప్రార్థన కూడా చేయించాడు.

లోపం కాళ్ల దగ్గరే ఉంది. బురద కాళ్లతో ఎక్కుతున్నారని జూలీయే గుమ్మం ముందు వేసే కొబ్బరిపీచు పట్టా ఒకటి తెచ్చి డ్రైవర్ సీటు ముందు పరిచింది. అది జరిగి జరిగి క్లచ్ పెడల్ కిందికి చేరింది. పెడల్ పూర్తిగా దిగదు, క్లచ్ పూర్తిగా విడవదు. శుభ్రత మీద ఎవరికి అనుమానం వస్తుంది? ఈ సంగతి ఇంట్లో వాళ్లకి తెలిసింది ఆ తర్వాతే.

"ఏటే, ఆపీసినావు?" వెనక సీట్లోంచి అత్త డోర్కాస్ అడిగింది.

ఆమె ఒళ్లో గుమ్మడికాయ ఉంది. చర్చిలో కోత పండుగ. కానుకల్లోకెల్లా తన కాయే పెద్దదనిపించుకోవాలని ఆమె పంతం.

"గేరు పడట్లేదత్తయ్యా. దిగండి. బేగి దిగండి!"

"నానెలా దిగుతానే? ఎక్కడానికే పీటేసినావు కదా!"

నిజమే. ఎత్తు బండి. ఆమెవి అరిగిన మోకాళ్లు. పీట ఇంటి దగ్గర ఉండిపోయింది.

దూరంగా రైలు కూత.

గేటుమాన్ బైరాగి ఎర్రజెండా పట్టుకుని రైలుకెదురుగా పట్టాల వెంట పరిగెత్తాడు.

"నువ్ దిగిపోయే. ఇంటికాడ పిల్లున్నాది."

"ఊరుకోండత్తయ్యా!"

అప్పుడొచ్చాడతను.

మాసిన గడ్డం, నలిగిన చొక్కా. టీ బడ్డీ పక్కన నిలబడి ఎప్పుడూ పట్టాల కేసి చూస్తుండే మనిషి. జూలీ అతన్ని చాలాసార్లు చూసింది. చూసిన ప్రతిసారీ హ్యాండ్‌బ్యాగ్ రెండో చంకకి మార్చుకుంది.

అద్దం మీద బాదాడు.

"బంద్ కరో! ఇంజన్ బంద్ కరో!"

ఆపడమా? ఈ బండి విషయంలో రాజ్ కుమార్ ఇచ్చిన ఆజ్ఞ ఒకటే: ఏం జరిగినా ఇంజన్ ఆపకు, మళ్లీ స్టార్ట్ కాదు. చేపల బజారు ముందు ఒకసారి ఆగిపోయి పరువు తీసింది మరి.

పైగా, ఆపమంటున్నది ఎవరు?

జూలీ తలుపులు లాక్ చేసింది.

"యేసయ్యా, కాపాడు తండ్రీ!"

అతను ఒక్క క్షణం ఆగాడు.

"తెలుగోలా? అమ్మా, ఇంజనాపీ! రైలు ఆగదు. ఆపుదామన్నా ఆగదమ్మా!"

మళ్లీ కూత. ఈసారి సీటు కూడా సన్నగా వణికింది.

అతను పట్టాల మధ్య నుంచి కంకరరాయి తీశాడు. అద్దం భళ్లున పగిలింది.

"చోర్! చోర్!" గొంతు చించుకుంది జూలీ.

గాజుముక్కల్లోంచి చెయ్యి దూర్చి అతను తాళం తిప్పేశాడు. ఇంజన్ ఆగిపోయింది. ఇక వినిపిస్తున్నది రైలు ఒక్కటే.

"అయిపోనాం" అంది డోర్కాస్. గుమ్మడికాయని మాత్రం వదల్లేదు.

"ఇప్పుడు గేరెయ్యమ్మా."

"పడదు..."

"ఎయ్యి!"

ఆగిన ఇంజన్ మీద మొదటి గేరు మెత్తగా పడింది.

"కాళ్లు రెండూ తీసీ. తాళం తిప్పు. తిప్పి అట్టే పట్టుకో, వొగ్గీకు!"

తిప్పింది. స్టార్టర్ మూలిగింది. బండి ఎక్కిళ్లు పెడుతూ గజం కదిలింది. ఇంకో గజం.

అతను వెనక్కి పరిగెత్తి భుజం ఆనించి తోస్తున్నాడు. వెనక అద్దంలో అతని ముఖం కనిపించింది. రైలు కేసి చూడటం లేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఇంజన్ అందుకుంది. బండి ఒక్కసారిగా దూకి, గేటుకి ముక్కు గుద్దుకుని ఆగింది.

వెనకాలే రైలు దూసుకుపోయింది. ఎంతకీ అయిపోదేం ఆ రైలు!

అయిపోయాక, అతను వెనక టైరుని కరుచుకుని కూర్చుని ఉన్నాడు.

గేటు కింద నుంచి జనం దూరి వచ్చారు. వాళ్లు విన్నది ఒకటే మాట, చోర్. ఇద్దరు అతన్ని లేపారు. ఒకడు చెంప మీద కొట్టాడు. ఇంకొకడూ కొట్టాడు.

జూలీ నోరు తెరిచింది. మాట రాలేదు. స్టీరింగ్ మీంచి చేతులు కూడా రాలేదు.

అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పగిలిన అద్దంలోంచి లోపలికి చూశాడు.

"పెద్దావిడ బాగున్నారా?"

"బాగున్నాను నాయినా" అంది డోర్కాస్.

అతను తలూపాడు. జనాన్ని తప్పించుకుని పట్టాల పక్కనే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

బైరాగి రొప్పుతూ వచ్చేసరికి అతను కనుచూపు మేరలో లేడు.

"బంగారయ్యగారిని కొట్టీనారా?" బైరాగి తల పట్టుకున్నాడు. "ఎలా సేతులొచ్చినాయిరా మీకు!"

జూలీకి అప్పుడొచ్చింది మాట. "ఎవరాయన?"

"మన రైల్వే క్వార్టర్సోలేనమ్మా. రైలొచ్చే ఏలకి ఇక్కడికొచ్చి నిలబడతాడు. ఆమధ్య ఇక్కడే, ఇలాగే ఓ కారు ఇరుక్కుపోనాది. అందులో తల్లీ, బిడ్డా. ఎవులం దరికి పోలేకపోనాం."

జూలీ వెనక్కి తిరిగి పట్టాల కేసి చూసింది.

"ఆయన భార్యా, బిడ్డా?"

"కాదమ్మా" అన్నాడు బైరాగి, "ఆ రైలు తోలింది ఆయనే."