వంతెన మీద జనం

"మళ్లీ ఓడిపోయారండీ!" డిజైనర్ నవ్వు ఆపుకుంది.

పెద్దాయన స్క్రీన్ వంకే చూస్తున్నాడు. వంతెన చెక్కుచెదరలేదు. దాని మీదుగా శత్రువుల ట్యాంకులు వచ్చేస్తున్నాయి.

కొత్త వీడియో గేమ్‌ని విడుదలకు ముందే ఆడి చూసి, లోపాలు చెప్పడానికి వచ్చిన పదిమందిలో ఆయనొకడు. డెబ్బై దాటిన మనిషి, పొద్దుపోక వచ్చాడనుకుంది ఆమె.

ఆట యాభై ఏళ్ల కిందటి యుద్ధం మీద. ట్యాంకులు చేరేలోగా బటన్ నొక్కి వంతెన పేల్చాలి. చరిత్రలో ఉన్నట్టే వంతెన నిండా పారిపోతున్న జనం.

నాలుగు రోజులుగా ఆయన బటన్ నొక్కిందే లేదు.

"టైముకి నొక్కాలి కదండీ?"

"ఇంకా దాటుతున్నారు కదమ్మా. అదిగో, మూట మోస్తున్న ఆవిడ వెనకబడిపోయింది."

"అది బొమ్మండీ!"

"ఊఁ" అన్నాడు. "ఇంకొక్కసారి ఆడనా?"

మిగతా తొమ్మిదిమందిది వేరే గోల.

"నొక్కితే జనం చస్తారు, నొక్కకపోతే ఓడిపోతాం. ఇదేం ఆట?"

మేనేజర్ తేల్చేశాడు. "మనం చరిత్ర పాఠాలు చెప్పడానికున్నామా? సరదాగా ఉండాలి. జనాన్ని తీసెయ్."

ఒక్క పూటలో తీసేసింది.

మర్నాడు పెద్దాయన స్క్రీన్ మీద చాలాసేపు వెతికాడు.

"జనమేరమ్మా?"

"తీసేశామండీ. ఇక హాయిగా గెలవొచ్చు."

"అలా తీసెయ్యొచ్చా?"

ఆమె ఏదో చెప్పబోయేలోగా లేచాడు. కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ మాట మాత్రం ఆమె చెవిలో ఉండిపోయింది. ఖాళీ వంతెనను ఎన్నిసార్లు పేల్చినా ఆట చప్పగానే ఉంది.

మూడు వారాల తర్వాత మేనేజర్‌తో పోట్లాడి జనాన్ని వెనక్కి తెచ్చింది. ఈసారి, ఆగినవాడికి తర్వాతి పోరు కష్టమవుతుంది గానీ ఓటమి కాదు.

మొదట ఆయనతోనే ఆడించాలనిపించి ఫోన్ చేసింది. కూతురు ఎత్తింది.

"నాన్న పోయి వారమైందండీ."

ఆమె స్క్రీన్ మీది వంతెన వంక చూసింది.

"ఆయన కోసమే మార్చానండీ... జనం దాటేదాకా ఆగినా గెలిచేలా."



"మీ దగ్గరికొచ్చిన ఆ నాలుగు రోజులే నాన్న కంటినిండా నిద్రపోయారు," అంది కూతురు. "ఆ యుద్ధంలో నిజం వంతెనని పేల్చిన సిపాయి ఆయనేనండీ... జనం దాటేదాకా ఆగలేదు."